ప్రమాదకర రసాయనాల కర్మాగారాల్లో ప్రక్రియా భద్రత: చట్టం నిర్దేశించినదేమిటి, నిత్యం పాటించవలసినదేమిటి

మంచినీటిని శుద్ధిచేసే క్లోరిన్, రొయ్యలను, చేపలను నిల్వచేసే శీతల గిడ్డంగుల్లో వాడే అమోనియా, ఔషధాల తయారీకి అవసరమైన సాల్వెంట్లు, ప్లాస్టిక్ వస్తువులకు మూలమైన స్టైరిన్ వంటి రసాయనాలు లేనిదే నేటి జనజీవనం సాగదు. విశాఖపట్నం, అనకాపల్లి, కాకినాడ ప్రాంతాలలోనూ, హైదరాబాద్ పరిసరాల్లోని జీడిమెట్ల, పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల్లోనూ వేలాది కుటుంబాలకు ఈ రసాయనాలతో ముడిపడిన పరిశ్రమలే జీవనాధారం. ట్యాంకులో, పైపులో, రియాక్టరులో ఉన్నంతవరకు మేలు చేసే రసాయనం అదుపు తప్పి బయటికి వెలువడిన మరుక్షణం ప్రాణాంతకమవుతుంది. దానిని నిర్ణీత ఉష్ణోగ్రతలో, నిర్ణీత పీడనంలో, నిర్ణీత పాత్రలో నిలిపి ఉంచే శాస్త్రీయ క్రమశిక్షణనే ప్రక్రియా భద్రత అంటారు.

కార్మికులు హెల్మెట్లు, చేతి తొడుగులు ధరించడం, మెట్లకు కటకటాలు అమర్చడం వంటివి వ్యక్తిగత భద్రతకు సంబంధించిన చర్యలు. ఇవి అవసరమే. అయితే వీటివల్ల కాలు జారి పడే ప్రమాదం తగ్గుతుందే గాని, రియాక్టరు పేలే ప్రమాదం తగ్గదు. ఏడాది పొడవునా ఒక్క కార్మికుడూ గాయపడలేదని బోర్డుపై రాసుకున్న కర్మాగారంలో సైతం నిల్వ ట్యాంకులోని ఉష్ణోగ్రత మెల్లగా పెరుగుతూ ఉండవచ్చు. అందువల్ల ప్రక్రియా భద్రతను ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉంటుంది. చట్టం కోరే పత్రాలన్నీ సిద్ధంగా ఉండడం ఈ భద్రతకు ఆరంభం మాత్రమే. ఆ పత్రాల్లో రాసినది రాత్రి షిఫ్టులో, సెలవు దినాన, ఉత్పత్తి నిలిచిపోయిన రోజున కూడా అమలవుతున్నదా అన్నదే అసలు ప్రశ్న.

స్టైరిన్ ట్యాంకు నేర్పిన పాఠం

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున సుమారు 3 గంటల సమయంలో విశాఖపట్నం గోపాలపట్నం సమీపాన ఆర్.ఆర్. వెంకటాపురం వద్దగల ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలోని ఎం-6 ట్యాంకు నుండి స్టైరిన్ ఆవిరి పెద్దఎత్తున వెలువడి పరిసర ప్రాంతాలను కమ్మివేసింది. 12 మంది మరణించారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రలో ఉన్నవారు ఇళ్ళలోనే, ప్రాణభయంతో పరుగెత్తినవారు రోడ్లపైన స్పృహ తప్పి పడిపోయారు. ఇక్కడ ముఖ్యంగా గమనించవలసిన విషయం ఏమంటే, ఆ సమయంలో కర్మాగారంలో ఉత్పత్తి జరగడం లేదు. కోవిడ్ లాక్‌డౌన్ కారణంగా పని నిలిచిపోయి, ట్యాంకులో రసాయన నిల్వ మాత్రమే ఉంది.

స్టైరిన్ ఒక ద్రవ రసాయనం. దాని అణువులు ఒకదానితో ఒకటి గొలుసుకట్టుగా కలిసి పాలిస్టైరిన్ అనే ప్లాస్టిక్‌గా మారతాయి. ఈ చర్య రియాక్టరులో అదుపాజ్ఞల్లో జరిగితే అది ఉత్పత్తి. నిల్వ ట్యాంకులో దానంతటదే మొదలైతే విపత్తు. చర్య జరిగేటప్పుడు వేడి పుడుతుంది. వేడి పెరిగినకొద్దీ చర్య వేగం హెచ్చుతుంది. వేగం హెచ్చినకొద్దీ మరింత వేడి పుడుతుంది. సాధారణంగా ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే రసాయన చర్య వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుంది. ఒక దశ దాటిన తరువాత ఏ శీతలీకరణ యంత్రమూ ఆ వేడిని అందుకోలేదు. స్టైరిన్ మరుగు స్థానం 145 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రతకు చేరిన ద్రవం ఆవిరిగా మారి, ట్యాంకు పైనున్న రంధ్రాల గుండా బయటికి తన్నుకువస్తుంది. ఈ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు మించి బరువైనది గనుక నేలను అంటిపెట్టుకొని పల్లపు ప్రాంతాలకు పాకుతుంది.

ఈ ప్రమాదాన్ని నివారించేందుకు రెండు రక్షణలు ఉన్నాయి. ద్రవాన్ని ఎల్లవేళలా చల్లగా ఉంచడం మొదటిది. టీబీసీ అనే నిరోధక రసాయనాన్ని తగిన మోతాదులో కలిపి ఉంచడం రెండవది. టీబీసీ పనిచేయాలంటే ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలి. కాలం గడిచేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ టీబీసీ తరిగిపోతుంది. కనుక నమూనాలను క్రమం తప్పక పరీక్షించి, అవసరమైన మేరకు తిరిగి కలుపుతూ ఉండాలి.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జూలై 6న సమర్పించిన నివేదికలో ఈ రక్షణలు ఎలా సడలిపోయాయో వివరంగా పేర్కొన్నది. ట్యాంకు అడుగుభాగంలో మాత్రమే ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు ఉంది. మధ్యభాగంలో గాని, పైభాగంలో గాని లేదు. అడుగున చల్లగా ఉన్నట్లు చూపిన కొలత పైనున్న వేడిని తెలియనీయలేదు. శీతలీకరణ వ్యవస్థను 24 గంటలూ నడపకుండా సాయంత్రం నిలిపివేస్తూ వచ్చారు. ప్రమాదానికి కొన్ని నెలల ముందు పైపుల అమరికలో చేసిన మార్పువల్ల ట్యాంకులోని ద్రవం పై నుండి కిందికి సరిగా కలియలేదు. నిరోధక రసాయనం తగినంతగా లేదు. కరిగి ఉన్న ఆక్సిజన్‌ను కొలవలేదు. ద్రవంలో పాలిమర్ శాతం పెరగడం ముందస్తు హెచ్చరిక అయినప్పటికీ దానిని పట్టించుకోలేదు. కర్మాగారంలో పలుచోట్ల సైరన్ మోగించే ఏర్పాటు ఉన్నా, ఆ రాత్రి సైరన్ మోగలేదు.

ఈ లోపాలలో ఏ ఒక్కటీ ఆ రాత్రి హఠాత్తుగా పుట్టినది కాదు. ప్రతి ఒక్కటీ అంతకుముందే కంటికి కనిపించేదే. ఒక థర్మామీటరుతోనో, ఒక నమూనా పరీక్షతోనో, ఒక ఇంజనీరు సంతకంతోనో సరిదిద్దగలిగినదే. 1961లో ఈ కర్మాగారం ఏర్పడిన తరువాత నగరం క్రమంగా విస్తరించి నివాసాలు దాని చుట్టూ చేరాయి. ఒకనాడు కర్మాగారానికే పరిమితం కాగలిగిన ప్రమాదం ఈ కారణంగా ఊళ్ళకు పాకింది. కర్మాగారాన్ని జనావాసాలకు దూరంగా తరలించాలని కమిటీ సూచించింది.

భోపాల్ అనంతరం రూపొందిన చట్టాలు

రసాయన భద్రతకు సంబంధించి మన దేశంలో నేడు అమలులో ఉన్న నిబంధనలకు భోపాల్ దుర్ఘటనే మూలం. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడుమ రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో మిథైల్ ఐసోసైనేట్ నిల్వ ఉన్న ట్యాంకులోకి నీరు చేరి, చర్య అదుపు తప్పి, సుమారు 40 టన్నుల విషవాయువులు నగరంపైకి వెలువడ్డాయి. వేలాది మంది మరణించారు. ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని ఆ సంవత్సరం జూన్‌లోనే నిలిపివేశారు. వెలువడే వాయువును మండించివేసే ఫ్లేర్ టవరుకు వెళ్ళే పైపును మరమ్మతు కోసం తొలగించి ఉంచారు. రక్షణ కోసం నిర్మించిన వ్యవస్థలు ఉండి కూడా అవసరమైన రాత్రి పనిచేయలేదు. భోపాల్‌కూ విశాఖపట్నానికీ మధ్య 35 సంవత్సరాలకు పైగా అంతరం ఉన్నా, నిలిచిపోయిన శీతలీకరణ, అదుపు తప్పిన చర్య, నిద్రలో ఉన్న జనం అనే మూడు అంశాలు రెండింటిలోనూ కనిపిస్తాయి.

భోపాల్ ఘటన జరిగి ఏడాది గడిచిన వెంటనే, 1985 డిసెంబరు 4న ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారం నుండి ఓలియం వాయువు లీకైంది. ఆ కేసులో సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో చరిత్రాత్మక తీర్పు వెలువరించింది. ప్రమాదకర కార్యకలాపాలు నిర్వహించే సంస్థ, తాను తగు జాగ్రత్తలు తీసుకున్నప్పటికీ, జరిగిన నష్టానికి సంపూర్ణ బాధ్యత వహించవలసిందేనని స్పష్టం చేసింది.

అదే కాలంలో 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియలకు ప్రత్యేక అధ్యాయాన్ని చేర్చారు. 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు, 1991లో ప్రజా బాధ్యత బీమా చట్టం, 1996లో రసాయన ప్రమాదాల అత్యవసర ప్రణాళిక, సంసిద్ధత, ప్రతిస్పందన నిబంధనలు అమలులోకి వచ్చాయి. కార్మిక చట్టాల ఏకీకరణలో భాగంగా 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. ప్రమాదకర ప్రక్రియలకు సంబంధించి పాత చట్టంలో ఉన్న ముఖ్య నిబంధనలను ఈ కోడ్‌లోనూ పొందుపరిచారు. విధులను ఉల్లంఘించిన కారణంగా మరణం సంభవిస్తే 2 సంవత్సరాల వరకు జైలుశిక్ష లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి పరిహారంగా ఇవ్వాలని న్యాయస్థానం ఆదేశించవచ్చు.

యాజమాన్యాల విధులు, గడువులు

1989 నాటి నిబంధనల ప్రకారం ఒక్కొక్క రసాయనానికి నిల్వ పరిమితులు నిర్ణయమయ్యాయి. ఉదాహరణకు క్లోరిన్ నిల్వ 10 టన్నులకు చేరితే స్థల నివేదన, అత్యవసర ప్రణాళిక, పరిసర ప్రజలకు సమాచారం వంటి నిబంధనలు వర్తిస్తాయి. 25 టన్నులకు చేరితే వీటికి తోడు సమగ్ర భద్రతా నివేదిక కూడా సమర్పించవలసి ఉంటుంది. ఈ పరిమితులకు లోబడిన యాజమాన్యాలు ముఖ్యంగా పాటించవలసినవి ఇవి:

- కార్యకలాపాలు ప్రారంభించడానికి కనీసం 3 నెలల ముందు స్థల వివరాలను సంబంధిత అధికారికి తెలియజేయాలి.
- భద్రతా నివేదిక అవసరమైన యూనిట్లు దానిని కనీసం 90 రోజుల ముందు సమర్పించాలి.
- ఆ యూనిట్లు, సంస్థతో సంబంధం లేని నిపుణునిచేత భద్రతా ఆడిట్ జరిపించి, నివేదికను 30 రోజులలోగా అధికారికి పంపాలి. దానిని ఏటా నవీకరించాలి.
- కర్మాగారం లోపలి అత్యవసర ప్రణాళికను రూపొందించి, ప్రతి 6 నెలలకు ఒకసారి మాక్ డ్రిల్ నిర్వహించాలి.
- భారీ ప్రమాదం సంభవిస్తే 48 గంటలలోగా అధికారికి నివేదించాలి.
- ప్రమాద స్వభావాన్ని, తీసుకున్న భద్రతా చర్యలను, ప్రమాద సమయంలో చేయవలసినవి, చేయకూడనివి పరిసర ప్రజలకు ముందుగానే తెలియజేయాలి.

కర్మాగారం వెలుపలి అత్యవసర ప్రణాళికను అధికార యంత్రాంగం రూపొందించి, ఏడాదికి కనీసం ఒకసారి దానిపై రిహార్సల్ జరపాలి. 1996 నాటి నిబంధనల మేరకు జిల్లా కలెక్టర్ అధ్యక్షతన జిల్లా సంక్షోభ బృందం ఏర్పాటై, 45 రోజులకు ఒకసారి సమావేశం కావలసి ఉంటుంది. పరిశ్రమల ప్రతినిధులు, అగ్నిమాపక, పోలీసు, వైద్య, కాలుష్య నియంత్రణ అధికారులు ఒకరినొకరు తొలిసారి కలుసుకునేది ప్రమాద స్థలంలో కాకూడదన్నదే ఈ నిబంధన ఉద్దేశం.

మాక్ డ్రిల్ విషయంలో ఒక సూచన. నెల రోజుల ముందే తేదీ ప్రకటించి, పగటి పూట, అధికారుల సమక్షంలో జరిపే డ్రిల్ వల్ల ప్రయోజనం పరిమితం. సైరన్ మోగించే అధికారం ఎవరికి ఉన్నదో రాత్రి షిఫ్టులోని ఆపరేటరుకు తెలుసునా, పైఅధికారి అనుమతి కోసం ఎదురుచూడకుండా మోగించగలడా, సైరన్ శబ్దం పక్క గ్రామంలోని చివరి ఇంటికి వినిపిస్తున్నదా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం లభించినప్పుడే ఆ డ్రిల్ సార్థకమవుతుంది.

నిత్యం పాటించవలసిన సూత్రాలు

ప్రమాదాలను ముందుగా ఊహించడం మొదటి సూత్రం. 'హజాప్' పేరుతో వ్యవహరించే అధ్యయన పద్ధతి 1960వ దశకంలో బ్రిటన్ రసాయన పరిశ్రమలో రూపొందింది. రసాయన ప్రవాహం ఆగిపోతే ఏమవుతుంది, వెనక్కి మళ్ళితే ఏమవుతుంది, ఉష్ణోగ్రత పెరిగితే, విద్యుత్ పోతే ఏమవుతుంది అని ప్రతి పైపు గురించీ, ప్రతి పాత్ర గురించీ వరుసగా ప్రశ్నించుకోవడమే ఈ పద్ధతి. దీనిలో ఇంజనీర్లతోపాటు యంత్రాన్ని రోజూ నడిపే ఆపరేటరు కూడా పాల్గొనాలి. ఏ వాల్వు బిగుసుకుపోతుందో, ఏ గేజి తప్పు చూపుతుందో ముందుగా తెలిసేది అతనికే.

మార్పులపై నియంత్రణ రెండవ సూత్రం. బ్రిటన్‌లోని ఫ్లిక్స్‌బరోలో 1974 జూన్ 1న జరిగిన పేలుడులో 28 మంది మరణించారు. పగుళ్ళిచ్చిన ఒక రియాక్టరును తొలగించి, దానికి అటూ ఇటూ ఉన్న రియాక్టర్లను తాత్కాలిక పైపుతో కలిపారు. దానికి సరైన ఇంజనీరింగ్ రూపకల్పన జరగలేదు. ఆ పైపు విఫలమై మండే ఆవిరి మేఘంలా కమ్ముకొని పేలింది. కొత్త పైపు, కొత్త ముడిసరుకు, మారిన పని వేళలు, తగ్గిన సిబ్బంది ఏదైనా మార్పే. మార్పు ఎంత చిన్నదైనా దాని పర్యవసానాన్ని అర్హత గల నిపుణుడు పరిశీలించి, లిఖితపూర్వకంగా ఆమోదించిన తరువాతనే అమలు చేయాలి.

రక్షణ సాధనాలను సజీవంగా ఉంచడం మూడవ సూత్రం. అలారంలు, సేఫ్టీ వాల్వులు, గ్యాస్ డిటెక్టర్లు, యంత్రాన్ని దానంతటదే నిలిపివేసే ఇంటర్‌లాకులు నిర్ణీత కాలంలో పరీక్షకు గురికావాలి. పదేపదే మోగుతున్నదని అలారంను కట్టివేయడం, ఉత్పత్తికి అడ్డు వస్తున్నదని ఇంటర్‌లాకును తప్పించడం అత్యంత ప్రమాదకరం.

పని అనుమతి పత్రం, షిఫ్టు అప్పగింత నాలుగవ సూత్రం. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై 167 మంది మరణించారు. మరమ్మతులో ఉన్న ఒక పంపు నుండి సేఫ్టీ వాల్వును తొలగించిన సమాచారం తరువాతి షిఫ్టువారికి చేరలేదు. వారు ఆ పంపును నడిపించారు. వెల్డింగ్ వంటి నిప్పుతో కూడిన పనులకు, ట్యాంకుల లోపలికి దిగే పనులకు అనుమతి పత్రం తప్పనిసరి. పరవాడలో 2020 జూన్‌లో ఒక ఔషధ కర్మాగారంలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు లీకై ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. ఈ వాయువు స్వల్ప మోతాదులో కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు హెచ్చితే వాసన పసిగట్టే శక్తినే నశింపజేస్తుంది. వాసన రావడం లేదు గనుక ప్రమాదం లేదని భావించడం ప్రాణాంతకం. పడిపోయిన సహచరుని రక్షించేందుకు శ్వాస పరికరం లేకుండా లోపలికి వెళ్ళినవారు కూడా బలైపోయిన సందర్భాలు అనేకం.

మండే ఆవిరులు, పొడి పదార్థాల నిర్వహణ ఐదవ సూత్రం. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలో 2024 ఆగస్టు 21న ఒక ఔషధ కర్మాగారంలో సాల్వెంట్ లీకై, దాని ఆవిరి వ్యాపించి పేలుడు సంభవించింది. 17 మంది మరణించారు. సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో 2025 జూన్ 30న, ఔషధాల తయారీలో వాడే సన్నని పొడిని ఉత్పత్తి చేసే కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు. పిండివలె సన్నగా ఉండి మండే స్వభావం గల ఏ పొడి అయినా గాలిలో మేఘంలా లేచినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుందన్న సంగతి పలువురికి తెలియదు. పైకప్పు దూలాలపై, పైపులపై పేరుకున్న పొడిని ఎప్పటికప్పుడు తొలగించడం, యంత్రాలకు ఎర్తింగ్ చేయడం, స్థిర విద్యుత్తును నివారించడం, ఆవిరి లీకైన వెంటనే విద్యుత్ పరికరాలను సురక్షిత ప్రదేశం నుండి నిలిపివేసి అందరినీ బయటికి పంపడం తప్పనిసరి జాగ్రత్తలు.

కర్మాగారం ఆగినప్పుడు, తిరిగి మొదలైనప్పుడు

ఉత్పత్తి ఆగితే ప్రమాదం కూడా ఆగిపోతుందన్న భావన సరికాదు. రసాయనం నిల్వ ఉన్నంతకాలం ప్రమాదం నిల్వ ఉన్నట్లే. విశాఖపట్నం ఘటన జరిగిన రెండు రోజులకే, 2020 మే 9న జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ లాక్‌డౌన్ తరువాత పరిశ్రమలను తిరిగి ప్రారంభించే విషయమై మార్గదర్శకాలు జారీచేసింది. పునఃప్రారంభంలో మొదటి వారాన్ని ప్రయోగాత్మక దశగా పరిగణించాలనీ, ఉత్పత్తి లక్ష్యాల కోసం తొందరపడరాదనీ సూచించింది.

ఈ సూచన లాక్‌డౌన్‌కే పరిమితమైనది కాదు. పండుగ సెలవులు, వార్షిక మరమ్మతులు, సమ్మె, తుఫాను, ఆర్డర్లు లేకపోవడం వంటి ఏ కారణంచేత కర్మాగారం ఆగినా అదే జాగ్రత్త వర్తిస్తుంది. మూసివేసే ముందు నిల్వలను కనీస స్థాయికి తగ్గించాలి. చల్లదనం అవసరమైన ట్యాంకులకు ప్రత్యామ్నాయ విద్యుత్ ఏర్పాటు ఉండాలి. నిరోధక రసాయనాల పరీక్షలు కొనసాగాలి. సెలవు రోజుల్లో విధుల్లో ఉండే కొద్దిమందిలో నిర్ణయాధికారం గల సాంకేతిక నిపుణుడు కనీసం ఒకరైనా ఉండాలి.

చిన్న యూనిట్లు సైతం అతీతం కావు

నిర్ణీత పరిమితికి తక్కువగా రసాయనాలు నిల్వచేసే యూనిట్లు తమకు ప్రమాదం లేదని భావించడం కద్దు. క్లోరిన్ టన్నరులో సుమారు 900 కిలోల ద్రవ క్లోరిన్ ఉంటుంది. 11 టన్నర్లు నిల్వచేసినా మొత్తం 10 టన్నుల పరిమితికి లోబడే ఉంటుంది. కానీ ఒక్క టన్నరు వాల్వు ఊడిపోయినా ఒక వీధి మొత్తాన్ని ఖాళీ చేయించవలసి వస్తుంది. నీటి శుద్ధి కేంద్రాలు, ఐస్ ఫ్యాక్టరీలు, శీతల గిడ్డంగులు, రొయ్యల శుద్ధి కేంద్రాల నిర్వాహకులు లీకును అరికట్టే కిట్లను, శ్వాస పరికరాలను సిద్ధంగా ఉంచుకోవాలి. వాటిని వాడడంలో సిబ్బందికి శిక్షణ ఇప్పించాలి. లీకవుతున్న క్లోరిన్ సిలిండరుపై నీరు పోయరాదు. తేమతో కలిసిన క్లోరిన్ లోహాన్ని తినివేసి రంధ్రాన్ని మరింత పెద్దది చేస్తుంది.

కార్మికుల హక్కులు

తాను పనిచేస్తున్న రసాయనం స్వభావమేమిటో, దానివల్ల కలిగే హాని ఏమిటో, హాని జరిగితే చేయవలసిన ప్రథమ చికిత్స ఏమిటో తెలుసుకోవడం కార్మికుని హక్కు. ముంచుకొస్తున్న ప్రమాదాన్ని గుర్తించినప్పుడు యాజమాన్యం దృష్టికి, భద్రతా కమిటీ సభ్యుల దృష్టికి తీసుకువచ్చే హక్కును చట్టం కల్పించింది. భద్రతా కమిటీలో కార్మికుల ప్రతినిధుల సంఖ్య యాజమాన్య ప్రతినిధుల సంఖ్యకు తగ్గరాదు. ప్రమాదకర ప్రక్రియలు నిర్వహించే కర్మాగారంలో 250 మంది, అంతకు మించి కార్మికులు ఉంటే భద్రతా అధికారిని నియమించవలసి ఉంటుంది.

కాంట్రాక్టు కార్మికుల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. ఒడిశా, బీహార్, జార్ఖండ్ తదితర రాష్ట్రాల నుండి వచ్చిన కార్మికులు మన పారిశ్రామికవాడల్లో పెద్దసంఖ్యలో పనిచేస్తున్నారు. హెచ్చరిక బోర్డులు, భద్రతా సూచనలు తెలుగుతోపాటు వారికి అర్థమయ్యే భాషల్లోనూ, బొమ్మల రూపంలోనూ ఉండాలి. ఏ షిఫ్టులో ఎవరెవరు లోపల ఉన్నారన్న హాజరు జాబితా కర్మాగారం గేటు వద్ద కూడా భద్రంగా ఉండాలి. ప్రమాదం జరిగిన తరువాత ఎంతమంది లోపల చిక్కుకున్నారో తెలియకపోవడం సహాయక చర్యలకు పెద్ద అవరోధం. ఆత్మీయుల కోసం గేటు వెలుపల నిరీక్షించే కుటుంబాలకు అది భరింపరాని వేదన.

పరిసర ప్రజలు తెలుసుకోవలసినవి

తమ ఊరి సమీపంలోని కర్మాగారంలో ఏ రసాయనం నిల్వ ఉన్నదో, అది లీకైతే ఏమి చేయాలో తెలియజేయవలసిందిగా గ్రామ పంచాయతీలు, కాలనీ సంఘాలు యాజమాన్యాన్ని గాని, జిల్లా యంత్రాంగాన్ని గాని కోరవచ్చు. ఇది చట్టబద్ధమైన సమాచారమే. విషవాయువు వెలువడినట్లు తెలిసినప్పుడు ఈ క్రింది జాగ్రత్తలు పాటించాలి:

- గాలి ఏ దిశ నుండి వీస్తున్నదో గమనించి, వాయువు వ్యాపించే దారికి అడ్డంగా పక్కకు తొలగాలి. వాయువు సాగే దిశలోనే పరుగెత్తరాదు.
- ముక్కు, నోటిపై తడిగుడ్డ కప్పుకోవాలి.
- క్లోరిన్, స్టైరిన్ వంటి బరువైన వాయువుల విషయంలో పల్లపు ప్రాంతాలను, కాలువ గట్ల అడుగుభాగాలను విడిచి ఎత్తయిన ప్రదేశానికి చేరాలి.
- బయటికి వెళ్ళే వీలు లేకపోతే తలుపులు, కిటికీలు మూసి, సందులను తడిగుడ్డలతో కప్పి, ఫ్యాన్లు, ఏసీలు ఆపివేయాలి.
- అగ్గిపుల్ల గీయరాదు. వాహనాలను ఆ ప్రాంతంలోకి తీసుకుపోరాదు.
- 112 నంబరుకు సమాచారం అందించి, అధికారుల సూచనలను పాటించాలి. వృద్ధులు, పిల్లలు, గర్భిణులను ముందుగా తరలించాలి.
- అధికారులు ప్రకటించే వరకు వెనుదిరిగి ఇళ్ళకు చేరరాదు. ఆ ప్రాంతంలోని నీటిని, కూరగాయలను, పశుగ్రాసాన్ని పరీక్షలు పూర్తయ్యే వరకు వాడరాదు.

సమష్టి బాధ్యత

ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినం జరుపుకుంటున్నాము. ఆనాడు చేసే ప్రతిజ్ఞ మిగిలిన 364 రోజులూ ఆచరణలో కనిపించినప్పుడే దానికి సార్థకత. కర్మాగారాలు, కాలుష్య నియంత్రణ, అగ్నిమాపక, పేలుడు పదార్థాల భద్రతా విభాగాల తనిఖీ అధికారులు రిజిస్టర్లను పరిశీలించడంతో సరిపెట్టకుండా, రిజిస్టరులో రాసిన ఉష్ణోగ్రతను ట్యాంకు వద్దనున్న గేజితో సరిపోల్చి చూడాలి. యాజమాన్యాలు భద్రతకు వెచ్చించే ధనాన్ని ఖర్చుగా గాక, కర్మాగారం మనుగడకు పెట్టుబడిగా భావించాలి. ఒక థర్మామీటరు, ఒక నమూనా పరీక్ష, రాత్రంతా నడిచే ఒక శీతలీకరణ యంత్రం విలువ ఎంతో, వాటిని విస్మరించినందువల్ల కోల్పోయిన ప్రాణాల విలువ ఎంతో బేరీజు వేసుకోవలసిన అవసరం లేదు. పరిశ్రమ నీడన నిద్రించే పసిబిడ్డకు ఆ ట్యాంకులో ఏముందో తెలియదు. తెలిసినవారు మేల్కొని ఉండడమే ప్రక్రియా భద్రతకు మూలసూత్రం. యాజమాన్యాలు, కార్మికులు, అధికారులు, ప్రజలు తమ తమ బాధ్యతలను చిత్తశుద్ధితో నెరవేర్చినప్పుడు పారిశ్రామిక ప్రగతి, ప్రజల ప్రాణరక్షణ రెండూ ఏకకాలంలో సాధ్యమవుతాయి.